వందేళ్ళ మండువా లోగిలి: స్లాబు వేయాలా, ఉన్నదాన్నే బాగు చేయించాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. కోనసీమలో మీ తాతగారు కట్టించిన మండువా ఇల్లు, అంటే నడుమ పైకప్పు లేని వాకిలి ఉన్న ఇల్లు, సుమారు వందేళ్ళ నాటిది. కొన్నేళ్ళుగా అందులో ఎవరూ ఉండడం లేదు. గోడలు నడుము ఎత్తు వరకు చెమ్మ పట్టి సున్నం రాలుతోంది. నైరుతి మూల వాన కారుతోంది, అక్కడి దూలం చివర పుచ్చింది. పెంకులు దించి స్లాబు వేసి, మండువా మూసి, గోడలకు సిమెంటు పూత పెడితే ఇంకో యాభై ఏళ్ళు చూసుకోనక్కర్లేదని ఊళ్ళో తాపీ మేస్త్రీ గారు చెబుతున్నారు. కూల్చి కొత్తది కట్టుకుందామని మీ తమ్ముడి గారి మాట. మీకు మనసొప్పడం లేదు.

సూటిగా చెబుతున్నాను: కూల్చకండి, స్లాబు వేయకండి, మండువా మూయకండి, గోడలకు సిమెంటు తగలనివ్వకండి. మీరు రాసిన లక్షణాలన్నిటికీ ఒక్కటే కారణం కనబడుతోంది. ఇంటి మీద పడిన నీరు బయటికి పోయే దారి చెడింది. ఆ దారి బాగు చేయించి, పుచ్చిన దూలం చివర మార్పించి, గోడకు సున్నపు పూత పెట్టిస్తే ఇల్లు నిలబడుతుంది. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను. పాత ఇళ్ళ మరమ్మతే నా వృత్తి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఇలాంటి ఇళ్ళు నిలబెట్టిన అనుభవంతోనూ, నిలబెట్టలేక విప్పించిన అనుభవంతోనూ రాస్తున్నాను.

మండువా అంటే గదులు కట్టగా నడుమ మిగిలిన ఖాళీ అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇల్లంతా దాన్ని ఆధారం చేసుకుని కట్టినదే. కప్పులో సగం వీధికీ పెరటికీ వాలుతుంది, సగం లోపలికి వాలుతుంది. లోపలి చూరుల మీద పడిన ప్రతి చుక్కా మండువాలోకి దిగాలి. అక్కడి నేల వాలు వెంట తూముకు చేరాలి. తూములోంచి ఇంటి కిందుగా వెళ్ళి కాలువలోనో పెరటి బోదెలోనో కలవాలి. గాలి కూడా ఇదే దారి పట్టుకుని తిరుగుతుంది. ఎండకు వేడెక్కిన గాలి మండువా గుండా పైకి పోతుంటే వీధి వసారా నుంచి, పెరటి వసారా నుంచి కొత్త గాలి లోపలికి వస్తుంది. రాత్రి ఆకాశం కింద మండువా నేల, పెంకులు చల్లబడతాయి, ఆ చల్లదనం గదుల్లోకి పరుచుకుంటుంది. అడుగున్నర, రెండు అడుగుల మందం గోడ పగటి వేడిని లోపలికి చేర్చేసరికి చీకటి పడుతుంది. గాలిలో అంత ఉక్క ఉండే కోనసీమలో ఫ్యాను లేని కాలంలో మనుషులు నిద్రపోగలిగారంటే కారణం ఇదే.

ఈ అమరిక మన ఒక్కరిదే కాదు. నాలుగున్నర వేల ఏళ్ళ క్రితం మొహెంజోదారోలో ఇళ్ళు నడిమి వాకిలి చుట్టూ కట్టారు. గదుల్లోని మురుగు ఇటుక కాలువల గుండా వీధి కాలువలో కలిసేది. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద పూడిపోయిన పాంపేయీలో సంపన్నుల ఇళ్ళు చూస్తే మనవాళ్ళకు ఆశ్చర్యం కలుగుతుంది. లోపలికి వాలిన కప్పు, నడుమ ఆకాశం, దాని కింద నేలలో లోతు తక్కువ రాతి తొట్టి, దాన్నుంచి భూమి లోపలి నీటి తొట్టికి దారి. కేరళ నాలుకెట్టు ఇళ్ళలో, తమిళనాడులోని చెట్టినాడు మేడల్లో ఇదే సూత్రం. వేల మైళ్ళ దూరంలో, వేర్వేరు కాలాల్లో మనుషులు ఒకే ఏర్పాటుకు వచ్చారు. అన్ని చోట్లా ఇంటి ఆయువుపట్టు నీరు బయటికి పోయే ఆ చిన్న కంతే.

మీ ఇంటి వయసు గురించి కూడా కొంత చెప్పాలి. అది తెలిస్తే గోడలో ఏముందో తెలుస్తుంది, గోడలో ఏముందో తెలిస్తేనే దానికి ఏ పూత సరిపోతుందో తేలుతుంది. నేడు కోనసీమలో మనం చూసే పెద్ద మండువా ఇళ్ళ వెనుక మూడు సంగతులున్నాయి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852కు పూర్తయింది. డెల్టాలో వరి స్థిరపడి రైతు చేతిలో డబ్బు నిలిచింది. సరిగ్గా ఆ ఏడాదే ఆంగ్లేయులు దిగువ బర్మాను ఆక్రమించారు. రంగూన్ టేకు ఓడల్లో మన తీరానికి రావడం, మన కూలీలు కాకినాడ, కోరంగి రేవుల నుంచి రంగూన్ వెళ్ళడం పెరిగాయి. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మత సంస్థ వారు పెంకుల కర్మాగారం పెట్టారు. మన వైపు బెంగళూరు పెంకులు అనేవి అవే. అంతకు ముందు గూన పెంకు, తాటాకు కప్పులే. మండువా పద్ధతి ఈ మూడింటికంటే ఎంతో పాతది. కానీ అంత పొడవు దూలాలతో, అంత ఎత్తు కప్పుతో పల్లెటూళ్ళో రైతు ఇల్లు కట్టగలగడం మాత్రం వీటి తరువాతి మాట.

పెంకు తిరగేసి చూస్తే కంపెనీ పేరు, ఊరు, ఒక సంవత్సరం అచ్చు పడి ఉంటాయి. అందులో 1865 అని ఉంటే ఇల్లు 1865 నాటిదని అనుకోకండి. అది కర్మాగారం పుట్టిన సంవత్సరం. ఆ అచ్చునే దశాబ్దాల పాటు వాడారు. మా తాతల ఇల్లు నూట అరవై ఏళ్ళదని పెంకు చూపించి చెప్పేవారు ప్రతి ఊళ్ళోనూ కనబడతారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బాసెల్ మిషన్ కర్మాగారాలు కామన్‌వెల్త్ ట్రస్టు చేతికి వెళ్ళాయి కాబట్టి ఆ పేరున్న పెంకు ఆ తరువాతిది. ఇనుప దూలం మీద టాటా అచ్చు ఉంటే అది 1912కు ముందుది కాదు. జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారీ ఆ ఏడాదే మొదలైంది. అయితే పెంకులు, దూలాలు మధ్యలో మార్చి ఉండవచ్చు కనుక ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పలేం. నాలుగైదు చోట్ల చూసి పోల్చుకోవాలి.

సిమెంటు విషయం కూడా ఇలాగే పట్టుకోవచ్చు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు హక్కు పత్రం (పేటెంటు) పొందింది 1824లో. మన దేశంలో పోరుబందరు కర్మాగారం పని మొదలుపెట్టింది 1914లో. గోదావరి పల్లెల్లో సామాన్యుడి గోడలోకి సిమెంటు వచ్చేసరికి ఇంకా చాలా కాలం పట్టింది. మీ ఇల్లు మీరనుకుంటున్న వయసుదే అయితే గోడ కట్టుబడి మట్టిదో, సున్నానిదో అయి ఉంటుంది. ఎక్కడైనా బూడిద రంగు గట్టి పూత కనబడితే అది తరువాతి మరమ్మతు. నిజానికి చెమ్మ ఎక్కువగా ఉన్న చోట వెతికితే ఆ బూడిద పూత కనబడే అవకాశం చాలా ఎక్కువ.

ఇక చెమ్మ సంగతి. నడుము ఎత్తు వరకే ఉందన్నారు కాబట్టి అది కింది నుంచి ఎక్కుతున్న చెమ్మ. కప్పు నుంచి దిగేదైతే మరక పైన మొదలై కిందికి సాగుతుంది. కింది నుంచి ఎక్కేది ఒక ఎత్తుకు చేరి ఆగుతుంది, ఆ అంచున తెల్లటి ఉప్పు పొర కడుతుంది. వేలితో గీరితే పిండిలా రాలుతుంది. నేలలోని నీరు ఉప్పును మోసుకుంటూ గోడలోకి పాకి, పైకి వచ్చి ఆవిరైపోతుంది. ఉప్పు అక్కడే మిగిలి గడ్డకట్టేటప్పుడు పూతను లోపలి నుంచి నెట్టి రాల్చేస్తుంది.

ఇంత కాలం రానిది ఇప్పుడెందుకు వచ్చింది? మీ వీధి అరుగుకు చిన్నప్పుడు ఎన్ని మెట్లుండేవో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, ఇప్పుడెన్ని ఉన్నాయో మీరు చూడండి. నేను చూసిన ఇళ్ళలో ఎక్కువ భాగానికి జవాబు అక్కడే దొరికింది. వీధిలో సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది వేస్తారు. మూడు మెట్లెక్కే అరుగు ఒక్క మెట్టు అవుతుంది, కొన్ని ఊళ్ళలో వీధి కంటే పల్లంలోకి పోతుంది. ఆ తరువాత వీధి కాలువ కూడా ఎత్తులో కడతారు. మండువా తూము నోరు కాలువ అడుగు కంటే కిందికి పడిపోతుంది. అక్కడి నుంచి ఇంటి నీరు బయటికి పోదు సరికదా, కాలువ నీరే ఇంట్లోకి ఎగదన్నుతుంది. వాడకం లేని ఇంట్లో ఎలుక బొరియలు, కొబ్బరి పీచు, విరిగిన పెంకు ముక్కలు చేరి తూము పూర్తిగా మూసుకుపోతుంది. వాన నీరంతా పునాది పక్కనే ఇంకుతుంది. గోడలు తడవక ఏం చేస్తాయి?

అందుకే పైసా ఖర్చు పెట్టక ముందు ఈ పరీక్ష చేయండి. మండువాలో నాలుగైదు బిందెల నీళ్ళు ఒక్కసారిగా పోయించి, అవి ఎంతసేపట్లో ఎక్కడికి వెళ్ళి తేలుతున్నాయో చూడండి. బయట తేలకపోతే, తేలడం ఆలస్యమైతే, మీ మొదటి పని అదే. తూము శుభ్రం చేయించినా వీధి ఎత్తు వల్ల లాభం లేకపోతే దారి పెరటి వైపుకు మళ్ళించాలి. పెరట్లో ఇంకుడు గుంత తవ్వమని కొందరు సలహా ఇస్తారు. మెట్ట ప్రాంతంలో అది మంచి సలహా. మీ దగ్గర వానాకాలంలో నేలలో నీటి మట్టం చేతికందే లోతులో ఉంటుంది కాబట్టి గుంత నిండి ఊరుకుంటుంది. పంట బోదెకు వాలు దొరికితే అటు పంపాలి, లేదంటే పెరటి చివర తొట్టి కట్టి మోటారుతో తోడాలి. ఇంటి చుట్టూ పోసిన మట్టి, ఇసుక, ఇటుక ముక్కల గుట్టలు తీయించి పునాది రాయి బయటికి కనబడేలా చేయించండి. ఈ పని జరిగాక గోడలు ఒక వేసవి మొత్తం ఆరాలి. అంతవరకు ఏ పూతా వద్దు.

చెమ్మ గోడకు సిమెంటు ఎందుకు పనికిరాదో మేస్త్రీ గారికి మీరు చెప్పవలసి రావచ్చు. మట్టి గోడ, మట్టితో కట్టిన ఇటుక గోడ నీటిని పీల్చుకుంటాయి, వదిలేస్తాయి. సున్నం కూడా అంతే. సిమెంటు పూత ఆ వదిలే దారిని మూస్తుంది. అప్పుడు చెమ్మ ఆగిపోదు, గోడలోనే ఇంకా పైకి ఎక్కుతుంది. నడుము ఎత్తున ఉన్నది భుజాలకు, అక్కడి నుంచి దూలం చివరలకు. పూత బిగుసుకుని ఉండగా దాని వెనుక మట్టి మెత్తబడుతుంది. కృష్ణా జిల్లాలో ఒక ఇంట్లో చూడడానికి చక్కగా ఉన్న సిమెంటు పూతను సుత్తితో తట్టితే డొల్ల శబ్దం వచ్చింది. ఒక పలక ఊడదీయగానే వెనుక మట్టి తడిసిన అటుకుల్లా చేతిలోకి వచ్చింది. ఆ పూత పెట్టినప్పుడు గోడ బాగానే ఉండేదని ఇంటివారు చెప్పారు. ఆ గోడలో కొంత భాగం మళ్ళీ కట్టక తప్పలేదు.

సున్నం పని గురించి కాస్త వివరంగా రాస్తాను. ఇది తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి, ఇంటి యజమానికే తెలిసి ఉండాల్సిన రోజులివి. సున్నపురాయినో గవ్వలు, ఆల్చిప్పలనో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడి సున్నం అవుతుంది. గోడ మీద పూశాక అది గాలిలోని అదే వాయువును నెమ్మదిగా తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయి అవుతుంది. తొందర పెడితే అవదు. పాతవాళ్ళు దీన్ని ఇసుకతో కలిపి గానుగలో ఎద్దుతో తిప్పించేవారు. డంగు సున్నం అదే. కరక్కాయ, బెల్లం నానబెట్టి పులియనిచ్చిన నీళ్ళు కలిపేవారు. చెమ్మ తగిలే చోట మెత్తటి ఇటుక పొడి కూడా చేర్చేవారు. బాగా కాలిన ఇటుక పొడితో కలిసిన సున్నం తడిలో కూడా గట్టిపడుతుంది.

మీ పనికి కొలతలు ఇవి. తడి సున్నం కనీసం రెండు వారాలు నీళ్ళ కింద మాగాలి, నెల మాగితే మరీ మంచిది. ఒక పాలు సున్నానికి రెండున్నర నుంచి మూడు పాళ్ళ ఇసుక. ఇసుక గరుకుగా ఉండాలి, సముద్రపు ఇసుక ఎంత మాత్రం వద్దు. ఒక్కో పొర అరంగుళం దాటకూడదు. ఒక పొర బిగిశాకే రెండోది. పూసిన గోడకు తడి గోనెపట్టాలు కట్టి వారం, పది రోజులు ఎండ తగలకుండా చూడాలి. రోహిణి కార్తె ఎండల్లో ఈ పని పెట్టుకుంటే బీటలు తీస్తుంది. మీది పూర్తి మట్టి గోడ అయితే సున్నం నేరుగా పూయకండి, ముందు ఎండుగడ్డి ముక్కలు, పేడ కలిపిన మట్టి పూత పెట్టించి, దాని మీద పలుచగా సున్నం పూయించి వెల్ల వేయించండి. కూలీల కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు ఇవ్వండి. ఉడికే సున్నం కంట్లో పడితే చూపు పోతుంది. దీనిలో అశ్రద్ధ పనికిరాదు. చివరగా, ఇంత శ్రమపడి పూయించిన గోడకు ప్లాస్టిక్ రంగులు వేయించారంటే సిమెంటు పూసినంత పనీ అవుతుంది.

స్లాబు గురించి చెప్పాల్సింది బరువు లెక్క. బెంగళూరు పెంకు కప్పు కర్రతో సహా చదరపు మీటరుకు వంద కిలోల లోపే తూగుతుంది. ఐదంగుళాల కాంక్రీటు స్లాబు మూడు వందల కిలోలు దాటుతుంది. పైన గచ్చు, పిట్టగోడ, నీళ్ళ ట్యాంకు దీనికి అదనం. ఆ గోడలు మోయడానికి కట్టిన బరువుకు ఇది మూడు, నాలుగు రెట్లు. చెమ్మకు నాని ఉన్న గోడల మీద, మెత్తటి డెల్టా నేల మీద ఇది తెచ్చి పెట్టడం ప్రమాదం. పునాది అన్ని చోట్లా ఒకేలా దిగదు, గోడ మూలల్లో చీలుతుంది. అలా కాకుండా కాంక్రీటు స్తంభాలు లేపి వాటి మీద స్లాబు వేస్తామంటే, మీరు కొత్త ఇల్లే కడుతున్నారు, పాత గోడలు మధ్యలో ఉత్తినే నిలబడి ఉంటాయి. ఖర్చు కూడా కొత్త ఇంటిదే.

ఇక్కడ ఒక మినహాయింపు. ఇదే ప్రశ్న రాయలసీమ నుంచి వచ్చి ఉంటే నా జవాబులో కొంత మారేది. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, డెల్టాలో దాదాపు దానికి రెట్టింపు. అక్కడ మిద్దె ఇళ్ళు కట్టడానికి కారణం అదే. రాతి గోడలు, కర్ర దూలాల మీద బండలో కట్టెలో పరిచి పైన చవుడు మట్టి వేసేవారు, వెలుతురుకు గవాక్షి వదిలేవారు. ఆ మట్టి మిద్దె మామూలుగానే చాలా బరువు, గోడలు అందుకు తగినట్టే ఉంటాయి. మన పట్టణాల్లో పాత డాబా ఇళ్ళది ఇంకో పద్ధతి. టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువున పేర్చి, పైన సున్నం కలిపిన ఇటుక ముక్కలు పోసి, కూలీలు వరుసలుగా కూర్చుని బెల్లం, కరక్కాయ నీళ్ళు చల్లుతూ రోజుల తరబడి చెక్క బాదులతో కొట్టి గట్టిపరిచేవారు. మద్రాసు మిద్దె అంటే ఇదే. ఒక ఇంటికి చేసిన వైద్యం ఇంకో ఇంటికి చేయకూడదు. మీది పెంకుటిల్లు కాబట్టి పెంకుటింటి మాటే చెబుతున్నాను.

దూలం సంగతికి వద్దాం. నైరుతి మూల అన్నారు. లోపలి చూరులు రెండు కలిసే మూల అది. రెండు కప్పుల నీరూ అక్కడికే చేరుతుంది కాబట్టి ఆ మూల కింద రేకు దోనె ఉంటుంది. రేకు తుప్పు పడితే నీరు కారేది సరిగ్గా దూలం గోడలో దిగిన చోట. టేకు దూలం మొత్తం పుచ్చడం అరుదు, గోడలో దాగిన మూరెడు భాగం మాత్రమే పోతుంది. చేతి సుత్తితో గోడ నుంచి మధ్యకు తట్టుకుంటూ రండి. మెత్తటి శబ్దం ఖంగుమనే శబ్దంగా ఎక్కడ మారుతుందో అక్కడ సుద్దతో గీత గీయండి. సన్నటి ములుకు గుచ్చి చూస్తే ఎంత లోతు పోయిందో తెలుస్తుంది. గీత వరకు కోసి, అదే జాతి పాత టేకుతో వాలు అతుకు వేసి, ఇత్తడి లేదా తుప్పు పట్టని ఉక్కు మేకులు బిగించడం మంచి వడ్రంగికి తెలిసిన పనే. కోసే ముందు దూలానికి కింద ఊతకర్ర పెట్టించడం మరచిపోకండి. కొత్త చివరను మళ్ళీ మట్టిలో పూడ్చకుండా కింద రాతి దిమ్మె వేసి చుట్టూ వేలు దూరేంత గాలి సందు వదలాలి. కర్రకు బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళు పట్టించి ఆరాక జీడి నూనె పూయించండి. చెదకు, పుచ్చుకు అది పాత మందు, నేటికీ పనిచేస్తుంది.

పెంకులన్నీ మార్చాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వాటిని వరుసగా దించి, పగిలినవి వేరు చేసి, మంచివి కడిగి తిరిగి వేస్తే ఎక్కువ భాగం పనికొస్తాయి. కావలసినవి చుట్టుపక్కల ఊళ్ళలో కూలుస్తున్న ఇళ్ళ దగ్గర దొరుకుతాయి. కాకపోతే అచ్చు, కంపెనీ కలవాలి. వేర్వేరు కంపెనీల పెంకుల కొక్కేలు ఒకదానిలో ఒకటి సరిగా కూర్చోవు, ఆ సందుల్లోంచే కారుతుంది. మీది తుపాను ప్రాంతం. 1996 నవంబరు తుపాను తరువాత కోనసీమలో ఎన్నో ఇళ్ళ మీద పెంకులు పోయి రేకులు వచ్చాయి. చూరు అంచున రెండు వరుసలు, వెన్ను మీది వరుస రాగి తీగతో పట్టెలకు కట్టించండి. గాలి మొదట పట్టుకుని లేపేది అక్కడే.

మండువా మూయమని అందరూ చెప్పే కారణాలు మూడు: వాన జల్లు, దొంగలు, కోతులు. దొంగలకూ కోతులకూ చూరు ఎత్తున ఇనుప జాలీ చాలు, గాలికీ నీటికీ అడ్డురాదు. జల్లుకు లోపలి వసారాకు చాపలో కర్ర తడికలో కట్టుకోవచ్చు. పైన పారదర్శక రేకు వేసిన ఒక ఇంటికి నన్ను పిలిచారు. వాన ఆగింది, వేడి గాలి కూడా లోపలే ఆగింది. వాసాల అడుగున నల్లటి బూజు, పగటి పూట మండువాలో నిలబడలేనంత ఉక్క. రేకు తీయించడమే అక్కడ మేం చేసిన ముఖ్యమైన మరమ్మతు.

ఉండడానికి వీలుగా లేకపోతే ఎంత బాగు చేసినా ఆ ఇల్లు మళ్ళీ పాడుపడుతుంది, ఇది నేను గట్టిగా నమ్ముతాను. స్నానాల గది, మరుగుదొడ్డి తప్పకుండా కట్టించండి. కానీ పాత గోడకు ఆనించి కాదు, పెరటి వసారా చివర విడిగా, కప్పు మాత్రం కలిసేలా. నీటి గొట్టాలు, కరెంటు తీగలు గోడ తవ్వి లోపల పెట్టవద్దు, పైన కనబడేలా గొట్టంలో వేయించండి. నేల చల్లగా ఉండాలంటే కడప బండో బేతంచెర్ల బండో సున్నం పరుపు మీద వేయించండి. మెరిసే పలకలు సిమెంటు మీద అతికిస్తే నేలలోని చెమ్మ పోవడానికి గోడలు తప్ప వేరే దారి మిగలదు.

మీ తమ్ముడి గారి మాటను తీసిపారేయకండి. ఉమ్మడి ఇంటిని ఎవరూ పట్టించుకోకపోతే ఖర్చంతా ఒకరి మీద పడుతుందనే భయం ఆయనకు ఉండవచ్చు, అది న్యాయమైన భయం. నా సలహా, పంపకం ఎలా చేసుకున్నా మండువా మధ్యలో గోడ మాత్రం కట్టవద్దు. అలా పంచుకున్న అన్నదమ్ముల ఇల్లు ఒకటి చూశాను. తూము ఒకరి వాటాలోకి పోయింది. రెండో వారి వైపు నీటికి బయటికి దారే లేక, మూడు నాలుగు వానాకాలాలకు ఆ సగం కూలింది. దాని బరువుకు ఆనుకుని ఉన్న మిగతా సగం కూడా బీటలు తీసింది. పెరటి స్థలం ఒకరికి కొత్త ఇంటికి, పాత ఇల్లు ఒకరికి, విలువ తేడా డబ్బు రూపంలో సర్దుకోవడం మేలు. లేదా ఇల్లు ఇద్దరి పేరునే ఉంచి మరమ్మతు ఖర్చు, వాడుకునే నెలలు కాగితం మీద రాసుకోండి.

అన్ని ఇళ్ళూ నిలుస్తాయని నేను చెప్పను. గోడ నిట్టనిలువు నుంచి బాగా ఒరిగి, ఆ ఒరుగు ఏటేటా పెరుగుతుంటే, స్తంభాల కింద నేల దిగిపోతే, దూలాలు వాసాల్లో సగం పైగా పోతే విప్పక తప్పదు. ఒరుగు పెరుగుతోందో లేదో తెలుసుకోవడానికి బీట మీద అడ్డంగా చిన్న గాజు ముక్క సున్నంతో అతికించి తేదీ రాయండి. ఒక వానాకాలం గడిచాక గాజు చిట్లితే గోడ కదులుతోందని అర్థం. విప్పక తప్పని పక్షంలో ముందుగా ప్రతి గదీ కొలిచి పటం గీయించండి, ఫొటోలు తీయించండి, కర్రలకు నెంబర్లు వేయించండి. స్తంభాలు, ద్వారబంధాలు వ్యాపారికి కట్టగట్టి అమ్మేయకుండా మీ కొత్త ఇంట్లో వాడుకోండి. చెన్నై దగ్గర ముత్తుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర అనే పాత ఇళ్ళ ప్రదర్శనశాలకు ఒకసారి వెళ్ళి రండి. తెలంగాణలోని కొయ్యలగూడెం నేత కుటుంబం ఇల్లు, కోస్తా ఆంధ్ర ఇల్లు అక్కడ నిలబెట్టి ఉన్నాయి. పాత కర్ర ఎలా కలిసి కూర్చుంటుందో మీ తమ్ముడి గారు కళ్ళారా చూస్తే మీ ఇద్దరి మాటలూ సులువవుతాయి.

పని వరుస ఇలా పెట్టుకోండి. ఈ వానాకాలంలోనే ఒక జోరు వాన రోజు ఊళ్ళో ఉండి, నీరు ఎక్కడ కారుతోంది, ఎక్కడ నిలుస్తోంది, ఎటు పోతోంది అన్నది గది గదికీ రాసుకోండి. ఎండాకాలంలో వెళ్ళి చూస్తే ఈ సంగతులు ఎవరికీ కనబడవు. వెంటనే తూము తెరిపించి, కారే మూల మీద తాత్కాలికంగా టార్పాలిన్ కట్టించండి. సంక్రాంతి దాటాక కప్పు, దోనె, దూలం. వేసవంతా గోడలు ఆరనివ్వడం, పాత సిమెంటు పూత ఉంటే ఒలిపించడం. సున్నం ఈలోగా తొట్టిలో మాగుతుంది. పూత మరుసటి ఏడాది కార్తీకం తరువాత మొదలుపెట్టండి. మేస్త్రీని కుదుర్చుకునే ముందు పెరటి గోడ మీద మూడడుగుల మేర సున్నపు పూత నమూనా వేయించి నెల రోజులు ఆగండి. గోటితో గీరితే రాలకుండా, సన్న బీటలు లేకుండా ఉంటేనే మిగతా ఇల్లు ఆయన చేతికి ఇవ్వండి.